లెక్కకు రానిదే హక్కు నిలవదు

(విద్య, ఆరోగ్యం, సామాజిక విధానాలపై పరిశోధన ఆవశ్యకతను చర్చించిన సదస్సులో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)

 

మన సభలలో డిమాండ్లు వినిపిస్తాయి, తీర్మానాలు వినిపిస్తాయి, ఆవేదన వినిపిస్తుంది. అవన్నీ అవసరమే. పరిశోధన అనే మాట మాత్రం అరుదుగా వినిపిస్తుంది. అది విశ్వవిద్యాలయాల వ్యవహారమనీ, వీధిలో జరిగే పోరాటానికి దానితో పని లేదనీ మనలో చాలామంది భావిస్తారు. ముస్లింల విద్య, ఆరోగ్య స్థితిగతులను అధ్యయనం చేసే మా వంటివారు ఇరవై ఏళ్ల అనుభవంతో చెప్పదలచుకున్న మాట ఒక్కటే. మనం సాధించుకున్న ప్రతి హక్కు వెనుకా ఒక లెక్క ఉంది. మనం కోల్పోయిన అనేక హక్కుల వెనుక లెక్క లేకపోవడం ఉంది.

సచార్ కమిటీ ఏమి మార్చింది?

2005 మార్చిలో జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన కేంద్ర ప్రభుత్వం ఒక ఉన్నతస్థాయి కమిటీని నియమించింది. 2006 నవంబరులో అది నివేదిక సమర్పించింది. అంతకుముందు ముస్లింల పరిస్థితి గురించి రెండు రకాల మాటలు ప్రచారంలో ఉండేవి. వారిని ప్రభుత్వాలు బుజ్జగిస్తున్నాయన్నది ఒకటి. వారు తమంతట తామే వెనుకబడి ఉన్నారన్నది మరొకటి. రెండింటికీ ఆధారాలు చూపినవారు లేరు. సచార్ కమిటీ జనగణన, జాతీయ నమూనా సర్వేలు, బ్యాంకుల రుణాల వివరాలు, ప్రభుత్వ శాఖల ఉద్యోగుల జాబితాలు తెప్పించుకొని పక్కపక్కన పెట్టి చూసింది.

అప్పుడు బయటపడినవి మనకు తెలిసినవే అయినా మళ్లీ గుర్తుచేసుకోవాలి. ఐఏఎస్‌లో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. 6 నుండి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నాలుగో వంతు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో. 2001 జనగణన ప్రకారం ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశ సగటు 65.1 శాతం. ముస్లిం పిల్లలంతా మదరసాలలోనే ఉన్నారన్న అపోహను కూడా ఆ నివేదిక తొలగించింది. బడి ఈడు పిల్లలలో మదరసాలకు వెళ్లేవారు సుమారు 3 శాతమేనని తేలింది. ముస్లింలు గణనీయంగా నివసించే పెద్ద గ్రామాలలో సుమారు 40 శాతం గ్రామాలకు ఏ వైద్య సదుపాయమూ లేదని కూడా అందులోనే ఉంది.

ఈ అంకెలు వెలువడిన తరువాత చర్చ స్వరూపమే మారిపోయింది. మైనారిటీ విద్యార్థుల ఉపకారవేతనాలు, మైనారిటీలు అధికంగా ఉన్న జిల్లాలకు ప్రత్యేక నిధులు ఆ తరువాతి కాలంలో వచ్చినవే. అయితే ఆ కమిటీ చేసిన అతి ముఖ్యమైన సిఫారసులలో ఒకటి నెరవేరవలసినట్లుగా నెరవేరలేదు. అన్ని సామాజిక, మత వర్గాల వివరాలను ఒకచోట నిరంతరం భద్రపరచి, ఎవరైనా చూడగలిగేలా ఒక జాతీయ గణాంక నిధిని నెలకొల్పాలని అది కోరింది. ఒక్కసారి తీసిన ఛాయాచిత్రం చాలదు, ఏటేటా కొలిచే కొలబద్ద కావాలన్నది దాని భావం. ఆ కొలబద్ద లేనందువల్లనే ఇరవై ఏళ్ల తరువాత కూడా మనం వేదికలెక్కి 2006 నాటి అంకెలనే వల్లిస్తున్నాం.

మన రాష్ట్రం నేర్పిన పాఠం

లెక్క ఎంత విలువైనదో తెలుసుకోవడానికి ఢిల్లీ దాకా వెళ్లనవసరం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లిం రిజర్వేషన్ల చరిత్రే అందుకు పెద్ద పాఠం.

2004 జూలైలో అప్పటి ప్రభుత్వం జీవో 33 ద్వారా ముస్లింలకు విద్య, ఉద్యోగాలలో 5 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. కొద్ది నెలలలోనే హైకోర్టు దానిని కొట్టివేసింది. ముస్లింలకు రిజర్వేషన్ ఇవ్వరాదని చెప్పి కొట్టివేయలేదు. వెనుకబడిన తరగతుల కమిషన్‌ను సంప్రదించకుండా ఇచ్చారని కొట్టివేసింది. దానితో ప్రభుత్వం కమిషన్ నివేదిక తెప్పించుకొని 2005లో చట్టం చేసింది. 2005 నవంబరులో అదీ నిలవలేదు. వెనుకబాటుతనాన్ని నిర్ధారించడానికి కమిషన్ అనుసరించిన పద్ధతీ, సేకరించిన వివరాలూ సరిపోవని న్యాయస్థానం అన్నది.

అప్పుడు విశ్రాంత ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్‌ను ప్రభుత్వం సలహాదారుగా నియమించింది. ఆయన 2007లో ఇచ్చిన నివేదిక దృష్టికోణాన్నే మార్చింది. ముస్లింలందరినీ ఒకే ముద్దగా చూడకుండా, వారిలో ఏ వృత్తులవారు, ఏ సమూహాలవారు సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడి ఉన్నారో విడదీసి చూపింది. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా వంటి పది సమూహాలను మినహాయించి, అత్తరు సాయిబులు, ముస్లిం చాకలివారు, ఫకీర్లు, గారడీవారు, హజాంలు, ఖురేషీలు, షేక్‌లు, సిద్దీలు మొదలైన సమూహాలకు బీసీ-ఇ వర్గం కింద 4 శాతం కేటాయిస్తూ 2007లో చట్టం వచ్చింది.

2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 5-2 ఆధిక్యంతో ఈ చట్టాన్ని కూడా కొట్టివేసింది. సర్వే జరిపిన తీరు అక్కడా విమర్శకు గురైంది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో 4 శాతాన్ని కొనసాగనిచ్చి, అంశాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. ఆనాటి నుండి వేలాది మంది మన బిడ్డలు వైద్య, ఇంజనీరింగ్ కళాశాలలలో అడుగుపెట్టింది ఆ మధ్యంతర ఉత్తర్వు ఆసరాతోనే.

మిత్రులారా, ఈ చరిత్రలో మూడుసార్లు చట్టం ఓడింది. మూడుసార్లూ వాదన పరిశోధన దగ్గరకే వచ్చి ఆగింది. కమిషన్‌ను అడిగారా? ఎవరిని సర్వే చేశారు? ఏ కొలతతో చేశారు? ఇతర వర్గాలతో పోల్చి చూశారా? 2024 మేలో కలకత్తా హైకోర్టు పశ్చిమ బెంగాల్‌లో 77 తరగతుల ఓబీసీ గుర్తింపును రద్దు చేసినప్పుడు కూడా ఇటువంటి ప్రశ్నలే ముందుకు వచ్చాయి. వాటిలో అత్యధికం ముస్లిం సమూహాలే. న్యాయస్థానాల తీర్పులతో మనం విభేదించవచ్చు. కాని తీర్పు ఏ ప్రశ్న మీద నిలబడిందో చూడకుండా మరో చట్టం కోరడం, ఇసుకపై గోడ కట్టడమే అవుతుంది. తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. 2017 ఏప్రిల్‌లో శాసనసభ 12 శాతం బిల్లును ఆమోదించింది. అది చట్టంగా అమలులోకి రాలేదు. రేపు మరో బిల్లు వచ్చినా మళ్లీ అవే ప్రశ్నలు ఎదురవుతాయి. జవాబులు ఇప్పటినుండే సిద్ధం చేసుకోవాలి.

చదువు: ఎక్కడ తెగిపోతోంది?

ఉన్నత విద్యపై కేంద్రం జరిపిన అఖిల భారత సర్వే ప్రకారం 2019-20లో ముస్లిం విద్యార్థులు సుమారు 21 లక్షలు. 2020-21లో 19.21 లక్షలు. అదే కాలంలో దళిత, ఆదివాసీ, వెనుకబడిన తరగతుల విద్యార్థుల సంఖ్య పెరిగింది. దేశ జనాభాలో 14.2 శాతం ఉన్న సముదాయానికి ఉన్నత విద్యలో దక్కిన వాటా 4.6 శాతం. ఇందులో సంతోషించదగిన విషయం ఒకటి ఉంది. ఆ విద్యార్థులలో దాదాపు సగం యువతులే. ముస్లిం తల్లిదండ్రులు ఆడపిల్లలను చదివించరనే మాటకు ఇంతకు మించిన సమాధానం ఉండదు.

ఎందుకు తగ్గింది? కొవిడ్ కాలపు ఆర్థిక దెబ్బ ఒక కారణమని ఊహించగలం. కాని ఊహ విధానాన్ని మార్చదు. ఆ తరువాత 2022లో కేంద్ర ప్రభుత్వం ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ ఉపకారవేతనాలను నిలిపివేసింది. పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కూడా ఆపివేసింది. ఇతర పథకాలున్నాయి కాబట్టి ఇవి అనవసరమన్నది ప్రభుత్వ వాదన. దీనికి జవాబు నినాదంతో చెప్పలేం. ఉపకారవేతనం ఆగిన తరువాత ఏ తరగతిలో ఎంతమంది మానేశారో, వారిలో ఎంతమంది వెల్డింగ్ దుకాణాలలోనో, బేకరీలలోనో, మెకానిక్ షెడ్లలోనో తేలారో చూపగలిగితేనే ఆ వాదన నిలబడదని నిరూపించగలం.

ఇందుకు కావలసిన ముడిసరుకు కొంత ఇప్పటికే ఉంది. పాఠశాలల వివరాలు నమోదు చేసే యూడైస్ ప్లస్‌లో ముస్లిం విద్యార్థుల సంఖ్య ఉంటుంది. ఒక మండలంలో ఏడో తరగతిలో ఎందరున్నారో, మూడేళ్ల తరువాత పదిలో ఎందరు మిగిలారో పోల్చి చూడడం గణితం తెలిసిన ఏ ఉపాధ్యాయుడికైనా సాధ్యమే. ఉర్దూ మాధ్యమంలో పది పూర్తిచేసిన పిల్లలు ఇంటర్మీడియట్‌లో తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలోకి వెళ్లినప్పుడు ఎందరు నిలదొక్కుకుంటున్నారన్నది మరో ముఖ్యమైన ప్రశ్న. తెలంగాణలోని 204 మైనారిటీ గురుకులాలలో చదివిన తొలి తరం పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఉన్నారన్నది మూడోది. వారు ముందుకు వెళ్లి ఉంటే ఆ గురుకులాల నిధులను ఎవరూ తాకలేరు. వెళ్లకపోతే లోపం ఎక్కడుందో మనకే ముందు తెలియాలి.

ఆరోగ్యం: అపవాదుకు అంకెల జవాబు

పరిశోధన మన లోటును మాత్రమే చూపుతుందని అనుకోరాదు. మన బలాన్నీ చూపుతుంది. సచార్ కమిటీ గమనించిన ఒక వింత ఉంది. ముస్లింలు ఆదాయంలో, చదువులో వెనుకబడి ఉన్నప్పటికీ వారిలో శిశుమరణాలు దేశ సగటు కన్నా తక్కువ. ఆరేళ్ల లోపు పిల్లలలో ప్రతి 1000 మంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో దేశం మొత్తంమీద 927 కాగా ముస్లింలలో 950. పేదరికం ఉన్నచోట పిల్లలు ఎక్కువగా మరణించాలి కదా, ఇక్కడ ఎందుకిలా ఉందని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి అన్వేషించారు. మైకేల్ గెరూసో, డీన్ స్పియర్స్ 2018లో ప్రచురించిన అధ్యయనం మరుగుదొడ్ల వైపు చూపింది. ముస్లిం కుటుంబాలు బహిరంగ మల విసర్జనకు దూరంగా ఉండడం, వారి ఇరుగుపొరుగు కూడా అటువంటి కుటుంబాలే కావడం పిల్లల ప్రాణాలను కాపాడుతోందని వారు వివరించారు. ఆ ఇరుగుపొరుగులో నివసించే హిందూ కుటుంబాల పిల్లలకు కూడా ఆ మేలు అందుతోందన్నది అందులోని అందమైన విషయం. పారిశుధ్యం ఒక మతానికి చెందినది కాదు. వీధి మొత్తానిది.

జనాభా గురించిన అపవాదు మనందరికీ తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 1992-93లో ఒక ముస్లిం మహిళకు సగటున 4.4 మంది పిల్లలు. 2019-21 నాటికి అది 2.36కు తగ్గింది. హిందువులలో 3.3 నుండి 1.94కు తగ్గింది. ముస్లింలలో తగ్గుదలే ఎక్కువ. అదే సర్వేలో బడికి వెళ్లని మహిళలకూ పన్నెండేళ్లు చదివిన మహిళలకూ మధ్య సుమారు ఒక బిడ్డ తేడా కనిపిస్తుంది. కుటుంబ పరిమాణాన్ని నిర్ణయించడంలో చదువు పాత్ర ఎంతటిదో ఈ లెక్కే చెబుతుంది.

అయితే లోపాలనూ దాచుకోరాదు. మన శ్రామికుల ఆరోగ్యం గురించి తెలిసింది చాలా తక్కువ. సచార్ నివేదిక ప్రకారం ముస్లిం శ్రామికులలో 61 శాతం స్వయం ఉపాధిపై ఆధారపడినవారు. మహిళలలో అది 73 శాతం. దూది ఏకే దూదేకుల కుటుంబం, లాడ్ బజార్ గాజులకు కొలిమి దగ్గర లక్క కరిగించే కార్మికుడు, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో బీడీలు చుట్టే మహిళ, గ్యారేజీలో బ్యాటరీలు, పెయింట్ల మధ్య పనిచేసే పిల్లవాడు. వీరి ఊపిరితిత్తులకు, కళ్లకు, వెన్నెముకకు జరిగే నష్టాన్ని ఎవరు నమోదు చేస్తున్నారు? బీడీ కార్మికులకు 1976 నాటి సంక్షేమ నిధి చట్టం ఆధారంగా వైద్య సదుపాయాలు ఏర్పడ్డాయి. ఇంట్లోనో, నలుగురు పనిచేసే కార్ఖానాలోనో బతికేవారు ఈఎస్ఐ పరిధిలోకి సాధారణంగా రారు. చెల్లాచెదురుగా ఉన్న ఈ పనులలో ఏ జబ్బు ఎందరికి వస్తుందో లెక్కగట్టనిదే వారికి ఏ బీమా, ఏ పరీక్షా శిబిరం కావాలో చెప్పలేం.

కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా పత్రాలలో మతాలవారీ, సమూహాలవారీ విభజన ఉండదు. అందువల్ల హైదరాబాద్ పాతబస్తీలోనో, కర్నూలులోనో ముస్లిం తల్లులలో రక్తహీనత ఎంత ఉన్నదని అడిగితే ఆ పత్రాలలో జవాబు దొరకదు.

మనం ఒక్కటే, మన లెక్కలు వేరు

ఇక అతి సున్నితమైన విషయానికి వస్తాం. రానున్న జనగణనలో కులం వివరాలు కూడా సేకరిస్తామని 2025 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించింది. దానికి ప్రాతిపదిక తేదీ 2027 మార్చి 1. ఈ సందర్భంగా మన మసీదుల ముందు, మన ఇళ్లలో ఒక ప్రశ్న వినిపిస్తోంది. ఇస్లాంలో కులం లేదు కదా, మనమెందుకు రాయించాలి?

ఈ ప్రశ్న వెనుక ఉన్న విశ్వాసాన్ని మేము గౌరవిస్తాం. నమాజు వరుసలో హెచ్చుతగ్గులు లేవు. కాని పెళ్లి సంబంధం దగ్గర, అద్దె ఇంటి దగ్గర, చేసే పని దగ్గర హెచ్చుతగ్గులు ఉన్నాయని మెహతర్ కుటుంబాన్నో, ఫకీర్ కుటుంబాన్నో అడిగితే చెబుతారు. కులం ఉండాలని కోరుకోవడం వేరు, దాని వల్ల జరిగిన నష్టాన్ని కొలవడం వేరు. జ్వరం కొలిచే వైద్యుడు జ్వరాన్ని సమర్థిస్తున్నట్లు కాదు.

2024 నవంబరులో తెలంగాణలో మొదలైన ఇంటింటి సర్వే ఈ కొలత ఎంత ఉపయోగమో చూపింది. ఆ సర్వే ప్రకారం రాష్ట్రంలో ముస్లింలు 12.56 శాతం. అందులో బీసీ ముస్లింలు 10.08 శాతం, అంటే 35,76,588 మంది. ఇతరులు 2.48 శాతం. ప్రతి పదిమంది ముస్లింలలో ఎనిమిది మంది వెనుకబడిన తరగతులవారే. మతం పేరుతో రిజర్వేషన్ ఇస్తున్నారనే విమర్శకు దీనికి మించిన సమాధానం ఏముంది? ముస్లిం, క్రైస్తవ దళితులకు షెడ్యూల్డు కులాల హోదా విషయం పరిశీలించడానికి 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్‌ను నియమించింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూసిన ఆ తలుపు తెరుచుకోవాలన్నా ఆ సమూహాల సంఖ్య, స్థితి నమోదు కావాలి.

కాబట్టి మా విన్నపం ఇది. గణకులు వచ్చినప్పుడు మతం అడిగితే ఇస్లాం అని చెప్పండి. కులం అడిగితే దూదేకుల, నూర్‌బాషా, ఖురేషీ, అత్తర్, హజాం, మెహతర్, షేక్, మీరు ఏది అయితే అది స్పష్టంగా చెప్పండి. ఆ గడిలోనూ ముస్లిం అని రాయిస్తే మీ సమూహం లెక్కలో కనిపించదు. లెక్కలో కనిపించని సమూహానికి రేపు న్యాయస్థానంలో న్యాయవాది కూడా ఏమీ చేయలేడు.

భయం, నమ్మకం

మేము సర్వే కాగితాలతో ఇంటి గుమ్మం ముందు నిలబడినప్పుడు తరచు ఎదురయ్యే ప్రశ్నలు రెండు. ఈ వివరాలు ఎవరికి ఇస్తారు? వీటివల్ల మాకేం వస్తుంది? రెండూ న్యాయమైన ప్రశ్నలే. పౌరసత్వ పట్టికల చర్చ సాగిన 2019, 2020 సంవత్సరాల తరువాత, పేరు రాసుకునే ప్రతి మనిషినీ చూసి భయపడడం సహజం. ఆ భయాన్ని అజ్ఞానమని తీసిపారేసే పరిశోధకుడు పరిశోధనకు అర్హుడు కాడు.

అందుకే మన పరిశోధనకు మనమే కొన్ని నియమాలు పెట్టుకోవాలి. అవసరం లేని పత్రం అడగరాదు. పేర్లు, ఫోన్ నంబర్లు వేరుగా భద్రపరచాలి. ఎందుకు అడుగుతున్నామో ఆ ఇంటివారి భాషలో, తెలుగులోనో దక్కనీలోనో, చెప్పి అంగీకారం తీసుకోవాలి. మహిళల ఆరోగ్యం గురించి మహిళలే అడగాలి. అన్నిటికన్నా ముఖ్యం, తేలిన ఫలితాన్ని ఆ బస్తీకే తిరిగి తెచ్చి చెప్పాలి. వివరాలు తీసుకొని మళ్లీ కనిపించకుండా పోవడం ఒక రకమైన దోపిడీయే.

చేయవలసినవి

ప్రభుత్వాలను మనం కోరవలసినవి స్పష్టంగా ఉన్నాయి. సచార్ కమిటీ కోరిన గణాంక నిధిని రెండు తెలుగు రాష్ట్రాలైనా తమ స్థాయిలో నెలకొల్పాలి. బోధన రుసుము చెల్లింపు, గురుకులాలు, ఆరోగ్యశ్రీ పథకాల లబ్ధి వివరాలను వ్యక్తుల పేర్లు లేకుండా, సామాజిక సమూహాల వారీగా ఏటా ప్రకటించాలి. బీసీ-ఇ వర్గం స్థితిగతులపై వెనుకబడిన తరగతుల కమిషన్ ద్వారా తాజా శాస్త్రీయ అధ్యయనం జరిపించి, సుప్రీంకోర్టులో విచారణ సాగే నాటికి సిద్ధంగా ఉంచాలి.

మన వంతు కూడా ఉంది. ప్రతి జిల్లాలో ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక న్యాయవాది, ఒక వైద్యుడు, నలుగురు విద్యార్థులు కలిస్తే ఒక అధ్యయన బృందం అవుతుంది. సమాచార హక్కు చట్టం 2005 నుండి మన చేతిలో ఉంది. మీ మండలంలో బడి మానేసిన పిల్లల సంఖ్యతో మొదలుపెట్టండి. మీ మసీదు పరిసరాలలోని అంగన్‌వాడీలు, ఆరోగ్య ఉపకేంద్రాల సంఖ్యతో మొదలుపెట్టండి. సామాజిక శాస్త్రాలలో, ప్రజారోగ్యంలో, గణాంక శాస్త్రంలో చేరే పిల్లలను ఇంజనీరింగ్‌లో చేరేవారితో సమానంగా ప్రోత్సహించండి. మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఆగిపోయిన చోట, స్థోమత గల పెద్దలు ఏటా ఒక్క పరిశోధక విద్యార్థి ఖర్చు భరించినా పదేళ్లలో మనకంటూ ఒక విద్వత్ బృందం తయారవుతుంది.

2010 నుండి మన పిల్లల సీట్లు ఒక మధ్యంతర ఉత్తర్వుపై ఆధారపడి ఉన్నాయి. తుది విచారణ రోజున న్యాయమూర్తులు మన ఆవేదనను ఎంత సానుభూతితో విన్నా, చివరికి అడిగేది కాగితమే. ఆ కాగితం ఆనాటికి సిద్ధంగా ఉండాలంటే పని ఈ సభ ముగిసిన వెంటనే మొదలు కావాలి. మీ మీ జిల్లాలలో ఆ బాధ్యత తీసుకోవడానికి ముందుకు వచ్చేవారు సభానంతరం తమ పేర్లు నమోదు చేయించుకోవలసిందిగా కోరుతున్నాం.